రెండు గంటల మంచు

ఫోన్లో హత్సుయె మొదట ఎత్తింది మంచు మాట కాదు,
యసుజి మోకాలి మాట.
"వాపు తీసిందట. మెట్లు దిగడమే కష్టమట."
"కొండకి మెట్లుండవుగా" అన్నాను.
ఇద్దరం నవ్వాం.
నవ్వు అయిపోయాక కాసేపు
తీగలో హోరు మాత్రమే వినిపించింది.

మా నాగఓకాలో చెర్రీలు రాలిపోయి మూడు రోజులు.
ఏటి ఒడ్డున సైకిళ్ళ సీట్ల మీద ఇంకా గులాబి మరకలు.
ఇప్పుడు స్కీయింగేమిటని
కూరగాయల కొట్టు కురామొచి
చిల్లర లెక్క మధ్యలో ఆపి నా మొహంలోకి చూశాడు.

పైన ఉంది.
పైన ఇంకా రెండు నిలువుల మంచుంది.
కింది లిఫ్టు ఆపేశారు,
కుర్చీలు ఊడదీసి షెడ్డులో పేర్చేశారు.
పై లిఫ్టు ఒక్కటే నడుస్తోంది, మే మొదటి ఆదివారం దాకా.
టికెట్టు సగం ధర.
సగం కొండకి సగం ధర, న్యాయమే.

ఫోనెత్తిన కుర్రాడు ఏమీ దాచలేదు:
"రాత్రి గడ్డకడితే తొమ్మిదింటి దాకా గాజు.
తొమ్మిది నుంచి పదకొండు, చాలా బాగుంటుంది.
ఆ తర్వాత జావ."
"గడ్డకట్టకపోతే?"
"పొద్దున్నించీ జావేనండీ."

ఆ రెండు గంటల మంచుని మావాళ్ళు ముతక పంచదార అంటారు.
ఎండకి కరిగి, చలికి బిగిసి, మళ్ళీ కరిగి
పలుకు పలుకుగా విడిపోయిన మంచు.
జనవరి మంచు పిండిలా ఉంటుంది, దాన్ని అందరూ పొగుడుతారు.
అది పడ్డవాణ్ణి దాచేస్తుంది.
ఇది ముసలిది, నలిగింది,
కడుపులో ఏదీ దాచుకోలేదు:
రాయి, వంగిన వెదురు పొద,
ఎవరో ఎప్పుడో పారేసుకున్న ఎర్రటి చేతితొడుగు
ఒక్కొక్కటే బయట పెట్టేస్తుంది.

బ్యాంకు క్లబ్బులో పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం.
బస్సు మాట్లాడుకునేవాళ్ళం.
ఇప్పుడు హత్సుయె చిన్న కారు సరిపోతోంది,
అందులోనూ ఒక సీటు స్కీలకే.

"శనివారం వాన, అరవై శాతం" చదివాను.
"నలభై మనదేగా!" అన్నాడు యసుజి.
"నలభై శాతం నమ్మకం మీద నేను అప్పులు మంజూరు చేసినవాణ్ణి."
"తిరిగొచ్చాయా?" అంది హత్సుయె.
అతను దగ్గాడు.
వానొస్తే వేడినీళ్ళ తొట్టిలో కూర్చుంటాడట,
గొడుగు వేసుకుని.

వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి మూడు.
నడుమ రెండు.
మా చెల్లెలికి చెబితే వేళ్ళ మీద లెక్కేసి
వేళ్ళు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

శుక్రవారం రాత్రి వంటింట్లో
రెండు కుర్చీల మీద స్కీని వెల్లకిలా పడుకోబెట్టాను.
పాత ఇస్త్రీపెట్టెని 'ఊలు' దగ్గర ఉంచాను.
తడిమంచుకి మైనం వేరు, పసుపుపచ్చది.
బొట్లు బొట్లుగా కారి, పరుచుకుని, చల్లారింది.
గీకుతుంటే చుట్టలు చుట్టుకుంటూ రాలింది,
పెన్సిలు చెక్కుతున్నట్టు.
పొయ్యి మీద చారు మర్చిపోయాను.
ఇల్లంతా మైనం, మాడు.

పడుకునే ముందు బాల్కనీలో
పళ్ళెంతో నీళ్ళు పెట్టాను.
ఇక్కడ గడ్డకట్టదని తెలుసు.
పెట్టాను.

నాలుగింటికి వేలు ముంచి చూశాను.
నీళ్ళే. కాస్త చల్లగా ఉన్నాయి, అంతే.
కింద వీధిలో కారు ఆగింది.
వెనక సీట్లో యసుజి అప్పుడే కూర్చుని ఉన్నాడు,
భుజం మీద స్కీల కొసలు,
మోకాలి మీద అరచెయ్యి,
ఏడవబోతున్న పిల్లని
కాస్త ఆగమంటున్నట్టు.