మొదటి గడి

ఎనిమిదో నెల. కెంటకీ కొండల మీద మార్చి వాన.
వంటింటి బల్ల దగ్గర కెండ్రా
కరెంటు బిల్లు వెనక్కి తిప్పి పేర్లు రాస్తోంది.
ఆడపిల్లకి ఎవరిదో ఇంటిపేరు తెచ్చి పేరుగా పెట్టడం
ఆ కొండల్లో పాత అలవాటే,
ఈమధ్య ఊళ్ళవాళ్ళకీ ముచ్చటేసింది.

కూపర్, అన్నాడు వేడ్, బూట్లు విప్పుతూ.
పీపాలు చేసేవాడు, అంది.
ఫ్లెచర్?
బాణాలకి ఈకలు కట్టేవాడు.
సాయర్?
రంపం లాగేవాడు. ఇంకా పుట్టనేలేదు,
అప్పుడే పిల్లని పనికి పంపేస్తున్నావు.
వేడ్ నవ్వాడు. పక్కింటి కుక్క కూడా కూపరే
అని గుర్తొచ్చి ఇంకాస్త నవ్వాడు.

మనకి ఇంటిపేరు ముందు నడుస్తుంది,
లాంతరు పట్టుకున్న పెద్దమనిషిలా.
వాళ్ళకి వెనక వస్తుంది,
ట్రక్కు తొట్టిలో కూర్చున్న మావయ్యలా.
పెళ్ళినాడు ఆడవాళ్ళు ఆ మావయ్యని దించేసి
ఇంకొకరి మావయ్యని ఎక్కించుకుంటారు.
దిగినవాడు ఏ మలుపులో నిలబడిపోయాడో
ఎవరూ తిరిగి చూడరు.

కెండ్రా చూసింది.
అమ్మ పుట్టింటి పేరు టాకెట్.
మిగిలిన ఒక్క మేనమామా పెళ్ళి చేసుకోలేదు,
డేటన్‌లో టైర్ల మధ్య ముసలాడై పోయినేడు పోయాడు.
ఆయనతో ఆ పేరుకి నూనె అయిపోయింది.
బిల్లు మీద రాసింది: టాకెట్.
పైకి అని చూసింది. గడియ పడ్డ చప్పుడు.
బావుంది అనుకుంది.

ఆదివారం అమ్మకి చెప్పింది.
వెర్నా పళ్ళెంలో పింటో గింజలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది.
చెయ్యి ఆగింది.
"ఆ పేరా?
గనిలోకి దిగేముందు హాజరు పిలిచే పేరు.
కంపెనీ కొట్టు పద్దులో ఎర్రసిరాతో ఉండే పేరు.
మీ తాత తాగొచ్చి 'నేను టాకెట్‌ని' అని అరిస్తే
మా అమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసేది.
పంతొమ్మిదేళ్ళకి కోర్టులో
ఆఖరిసారి ఆ పేరు సంతకం పెట్టి
మెట్లు రెండేసి దూకుతూ దిగాను.
దాన్ని తెచ్చి పసిదాని మెడకి కడతావా?"

మన సామెతలో ఇంటిపేరుకి కస్తూరి అయినా ఉంది.
అక్కడ ఇంటా పేరులోనూ బొగ్గు వాసనే.

పోనీ అమ్మమ్మ పుట్టింటి పేరు? అంది కెండ్రా కాసేపాగి.
మేగర్డ్. అది ఆవిడ నాన్నది.
ఆవిడ అమ్మది?
ఐసన్. అదీ వాళ్ళ నాన్నదే.
ఎంత వెనక్కి నడిచినా
ప్రతి గుమ్మంలో ఒక మగాడు
టోపీ తియ్యకుండా నిలబడి ఉన్నాడు.
ఆ పైన వెర్నాకి తెలీదు.
మళ్ళీ రాళ్ళు ఏరుకుంది.

ఏప్రిల్ పదకొండు, తెల్లవారుజాము నాలుగు.
హజార్డ్ ఆసుపత్రిలో నర్సు ఫారం తెచ్చింది.
ఆఖరి గడి అడక్కుండానే నిండిపోయింది, స్టిడమ్ అని.
మొదటి గడి ఖాళీ.
వేడ్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, తీశాడు.
కెండ్రా కళ్ళు మూసుకుని ఉంది. నిద్రో, అలకో.

కిటికీ దగ్గర వెర్నా ఒళ్ళో పిల్ల.
ఏడవడం లేదు. కనుబొమ్మలు ముడిచి,
పాత బాకీ వసూలుకొచ్చిన దానిలా చూస్తోంది.
వెర్నాకి ఆ కనుబొమ్మలు తెలుసు.
ఎవరివో పైకి అనలేదు.
వాన వెలిసింది, కిందెక్కడో ట్రక్కు స్టార్టయింది,
అంతసేపూ చూస్తూనే ఉంది.

"ఏమే టాకెట్," అంది.
అని తనే ఉలిక్కిపడింది.
హాజరు పిలిచినట్టు లేదు.
మంచం కింద ఎవరూ దాక్కోలేదు.
మళ్ళీ ఒకసారి అంది, ఇంకా చిన్నగా,
వేడిగా ఉందేమోనని పాలు నాలిక్కి తగిలించుకున్నట్టు.

రాసెయ్యనా? అన్నాడు వేడ్.
వెర్నా వినిపించుకోలేదు.
పసిదాని పిడికిలి ఒక్కొక్క వేలూ విప్పి
లోపల చూస్తోంది,
గింజల్లో రాయేమైనా మిగిలిందేమోనని.