ఫుట్‌వాల్వ్

కొలిమి తొమ్మిదినూర్ల డిగ్రీలు తాకినాక
షమీమ్ మేడం మాట్లాడదు.
పటకారుతో మూస ఎత్తుతాది,
ఇత్తడి పలక మీద ఒంచుతాది,
ఇంకో పలకతో నేను అదుముతా.
అంతే. గుక్క తిప్పుకునేలోగా
బెల్లం పాకం రంగు గాజుబిళ్ల ఒకటి.

పొద్దున దానికి రెండు పక్కలా వెండి పూసి
సూదులు ఆనిస్తాము.
ఇటునుంచి కరెంటు పోతాది.
సూదులు మారిస్తే అటునుంచీ పోతాది,
సంత గేటు మాదిరి.
మేడం నోటుబుక్కులో ఇంటూ కొడతాది.
ఉగాది నుంచి అరవైమూడు ఇంటూలు.

"ఒక దిక్కే పోవల్ల ఎర్రిస్వామీ,
తిరిగి రాకూడదు" అనింది ఒకదినం.
నాకు తెలిసిందొకటే చెప్పినా:
కూడేరు కాడ మా బాయి మోటారుకు ఫుట్‌వాల్వ్ ఉండె.
మోటారు ఆపినా
పైపులో నీళ్లు కిందికి జారకుండా
తోలుబిళ్ల ఒకటి మూసుకుంటాది.
అది చెడితే మాత్రం
పొద్దున్నే బిందెలతో పోసి పోసి నడుములు పడిపోతాయి.
మేడం నవ్వలేదు.
"ఆ తోలుబిళ్లే. గాజులో. కంటికి కనపడనంత."

(బాయి ఎండిపాయ. ఫుట్‌వాల్వును
పాత సామాన్లోనికి ఏసినా. అది వేరే కత.)

మేడమోళ్ల జేజి
బుక్కరాయసముద్రం చుట్టూ గాజుల మలారం మోసిందంట.
ఎముక నొక్కితే గాజు లోపలికి పోతాది,
వచ్చేటప్పుడు అదే ఎముక అడ్డం పడతాది.
"మా జేజికి వచ్చిన విద్య
నాకింకా రాలా" అంటాది.

అరవైనాలుగోది ఆరే కొలిమిలో ఉండంగా
రాత్రి రెండూ పదికి కరెంటు పాయ.
జనరేటరులో డీజిల్ లేదు.
అనంతపురం కరెంటోళ్లను ఏడు తరాల దాకా తిట్టినా.
బిళ్ల ఒక పక్క బిరబిరా చల్లారింది,
ఇంకోపక్క కాలిన ఇటుకను కరుచుకోని
నిదానంగా.

పొద్దున ఇటునుంచి పోయింది.
సూదులు మార్చింది మేడం.
ముల్లు కదల్లేదు.
మళ్లా మార్చింది. మళ్లా. పదకొండు సార్లు.
తన చెయ్యే అబద్ధమాడుతుందేమోనని
నన్ను పట్టమనింది.
నాకూ కదల్లేదు.

ఇంటూ కొట్టలేదు, టిక్కూ పెట్టలేదు.
టైము రాసింది.

ఆ బిళ్ల మధ్యాన్నానికి నిలువునా పగిలింది.

ఈ రాత్రి అరవైఅయిదోది.
మెయిన్ స్విచ్చి కాడ నేను.
ఇన్నేండ్లూ కరెంటు ఎప్పుడొస్తాదా అని
చేన్లో కూర్చున్నోణ్ని,
ఇప్పుడు పీకేదానికి చెయ్యేసుకోని
గడియారం చూస్తాండా.
రెండూ తొమ్మిది.