మినిట్స్

మంగళవారం రాత్రి, ఒహాయోలో ఒక శివారు.
మిడిల్ స్కూల్ లైబ్రరీలో ఐదుగురు బోర్డు సభ్యులు.
పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని ఊరు.

ట్రెజరర్ క్రాట్జ్ గొంతు సవరించుకున్నాడు:
బడి పన్ను పెంపు ఓడింది,
నలభై ఒక్క ఓట్ల తేడా.
ఇంటిపన్ను పెరగదు,
పదకొండో నంబరు బస్సు తిరగదు.
రాష్ట్రం మనకి నాలుగు నక్షత్రాలిచ్చిందని కూడా చదివాడు.
ఎవరో దగ్గారు.

మైకు ముందు మనిషికి మూడు నిమిషాలు.
డోరీన్ పులాస్కీ, ఆ బస్సు పంతొమ్మిదేళ్ళు నడిపిన మనిషి,
కాగితం మడత విప్పి
పిల్లల పేర్లు చదవసాగింది, ఎక్కే వరుసలో.
ఏ మలుపులో ఎవరు,
కోటు మరిచొచ్చేదెవరు,
వాంతి వచ్చేముందు ఎవరు మాట మానేస్తారు.
ఎర్రదీపం వెలిగేసరికి
ఇంకా మేపుల్ వీధి దాటలేదు.

"టైమైంది" అన్నాడు ఛైర్మన్, తలెత్తకుండా.

నాలుగు, ఒకటి. తీర్మానం ఆమోదం.
అంతే రాశాను. అంతవరకే నా ఉద్యోగం.

నేనూ వద్దనే వేశాను.
పన్ను నోటీసు రెండు నెలలుగా
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద నన్నే చూస్తోంది.

కుర్చీలు సర్దుతుంటే
ఆమె కాగితం దొరికింది.
ఏ ఫైల్లో పెట్టాలో తెలియలేదు.