తాపీ

మా వైపు తాపీగా ఉండడమంటే
పనీ పాటా లేక అరుగు మీద కాళ్ళూపుకోవడం.
తాపీ పట్టడమంటే
చీకటితో లేచి చీకటితో ఇల్లు చేరడం.
ఈ రెంటికీ ఒకే మాట ఎవరు పెట్టారో
పదకొండేళ్ళు మాలు మోసినా నాకు అంతుబట్టలేదు.

నా పేరు దయామణి. మాది మొగలికుదురు.
నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద గమేళా,
గమేళాలో ఎవరిదో పడగ్గది.
అన్నేళ్ళలో గృహప్రవేశానికి పిలిచినవాళ్ళు
ఇద్దరు.

రాజోలులో మూతపడ్డ రైసుమిల్లు కళ్ళంలో
ముప్ఫై రోజుల శిక్షణ అన్నారు.
మధ్యాహ్నం భోజనం, ఓ పసుపు టోపీ.
పద్నాలుగు మంది మగాళ్ళు, నేనూ, గంగవేణీ.

మొదటి రోజు ఏసుపాదం మేస్త్రి తాపీ ఇవ్వలేదు.
నీళ్ళు నింపిన గొట్టం చేతికిచ్చాడు.
"లోపల బుడగుంటే
నీళ్ళు కూడా అబద్ధమాడతాయండి, ఆయ్, చూసుకోండి."
ఒక కొస మిల్లు స్తంభం దగ్గర, ఇంకో కొస గేటు దగ్గర.
పుట్టినకాడ్నించీ బల్లపరుపనుకున్న నేల
నాలుగు వేళ్ళు వాలి ఉంది.
"ఎటమ్మా?" అన్నాడు.
సముద్రం వైపు.

ఇసక చిటికెడు నాలిక మీద వేసుకుని
తుపుక్కున ఉమ్మాడు ఓ రోజు.
"ఉప్పు. కట్టినోడు పోయాక గోడ ఏడుస్తది."
మేమందరం వరసగా నాకి, ఉమ్మి, నేర్చుకున్నాం.
ఇంకో రోజు గుండు వేలాడదీసి
"దారం గోడని ముద్దెట్టుకోకూడదు, ఒదిలిపోనూ కూడదు" అని
మేమిద్దరం గుర్తొచ్చి
చాలాసేపు దగ్గాడు.

సిమెంటు ఖరీదు. మట్టి మాలుతో కట్టేవాళ్ళం.
సాయంత్రం కట్టినోళ్ళే పడగొట్టి
ఇటకలు గీకి పేర్చి పోవాలి.
మూల విరిగిన ఇటక ఒకటి
పంతొమ్మిదిసార్లు నా చేతికొచ్చింది.
రావే, అనేదాన్ని దాంతో,
ఇవాళ నిన్నెక్కడ పెట్టను?

ఆడది కట్టిన గోడకి కడుపొస్తదన్నాడు
పాత మేస్త్రి చంటిబాబు, గేటు దగ్గర బండాపి.
తొమ్మిదో రోజు పదకొండో వరసకి
నిజంగానే పొట్టొచ్చింది.
గంగవేణి నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ.
చీకటి పడేదాకా ఉండి మళ్ళీ కట్టాను,
ఎవరికీ చెప్పలేదు.

పూత రోజు మగపిల్లలు గోడకి మాలు రాస్తున్నారు,
రొట్టెకి జామ్ రాసినట్టు.
సగం కింద పడుతోంది.
నేను పిడకలు కొట్టిన చెయ్యి కదా,
మణికట్టు తిప్పి విసిరాను.
ఫట్ మని అతుక్కుంది.
మేస్త్రి బీడీ నోట్లోంచి తీశాడు.
"ఎక్కడ నేర్చావు?"
పేడ దగ్గరండి.

ఆఖరి వారం నిజం సిమెంటు.
వేళ్ళ సందుల్ని తినేసింది.
రాత్రి కొబ్బరినూనె రాసుకుని
అన్నం చెంచాతో తిన్నాను, దొరసానిలా.
పంచాయతీ పంపు చుట్టూ గట్టు నా పరీక్ష.
ఒక వేలు వాలు, నీళ్ళు కాలవలోకి పోయేట్టు.
మార్కులేసి అందరూ వెళ్ళిపోయారు.
ఏడు రోజులు ఆటో ఛార్జీ పెట్టుకుని వచ్చి
గోనెపట్టాలు తడిపాను.
పచ్చిగా ఉన్నదాన్ని ఎండకొదిలేసి పోతే
ఊరుకోదు కదా.

సోమవారం ఆరింటికి కాలవ వంతెన దగ్గర కూలీల అడ్డా.
ఇటు గమేళాలతో ఆడవాళ్ళు. అటు సంచులతో మగవాళ్ళు.
గంగవేణికి వాళ్ళాయన జ్వరం, రాలేదు.
అటువైపు వెళ్ళి నిలబడ్డాను.
ఎవరూ ఏమీ అనలేదు, కొంచెం జరిగారంతే.

ఓ బండి ఆగింది. "మాలుకొస్తావా?"
సంచిలోంచి తాపీ తీసి చూపించాను.
దాన్ని చూశాడు. నా వేళ్ళు చూశాడు.
"ఎంత?"
మేస్త్రి రేటు చెప్పాను.
మాట్లాడకుండా బండి తిప్పాడు.

వెనక ఇంకోటి వస్తోంది.
కాలవ నీళ్ళు రెండు గట్ల మీదా ఒకే గీత గీస్తున్నాయి,
బుడగ లేకుండా.
నిలబడ్డాను,
తాపీగా.