గొళ్ళెం మరచిన ఆట

తుర్కులో నవంబరు.
మధ్యాహ్నం మూడున్నరకే ఔరా నది మీద చీకటి.
నలభై ఏళ్లు ఓడ గదులకు తాళాలు బిగించిన తైస్తో రౌతియో
మనవరాలు తయారుచేసిన ఆట ముందు కూర్చున్నాడు,
కళ్లద్దాలు రెండు జతలు, ఒకదాని మీద ఒకటి.

"మంచీ చెప్పు, చెడూ చెప్పు" అంది వియెనో,
"తాతగా మాత్రం చెప్పకు."

ఆటలో ఒక దీపస్తంభం, ఎస్తేరి అనే ఆవిడ,
సముద్రం మీదికి పోయి తిరిగిరాని తమ్ముడు.
ప్రతి గదీ ఒక పొడుపు,
ప్రతి తలుపు వెనకా చారెడు కథ.

మొదటి గంట బాగుంది.
తూకపు రాళ్ల గదిలో
ఉప్పుచేపల బరువు సరిచూస్తుంటే
ఆ ఇంట్లో ఏ ఏడు పస్తులున్నారో
లెక్కల్లోంచే తెలిసిపోయింది.
ఎవరూ నోరు విప్పలేదు. తక్కెడ చెప్పింది.

మూడో అధ్యాయం పలకల గోడ.
పదిహేను పలకలు, ఒక ఖాళీ.
గోడ అవతల తమ్ముడి ఉత్తరం
"అక్కా, ఆ రాత్రి నేను" దగ్గర ఆగి ఉంది.
నలభై నిమిషాలు జరిపాడు.
రెండు నిమిషాలకోసారి ఎస్తేరి "చలిగా ఉంది" అంది.
ఇరవైసార్లు అంది.
ఇరవై ఒకటోసారికి తైస్తో లేచి
తన గదిలో హీటరు పెంచి వచ్చాడు.
గోడ తొలిగేసరికి
ఉత్తరం ఎవరిదో మరిచిపోయాడు.

పాత రశీదు వెనక పెన్సిలుతో రాశాడు:
"తాళం గట్టిదైతే గొప్పేం కాదు.
లోపలి మనిషి ఏడుస్తుంటే
బయటివాడి చేత ఎక్కాలు చదివించకూడదు."
దాని కింద:
"మూల మెరిసే ఆ పసుపు దీపం, సూచన అట,
నేనింకా జేబులోంచి చెవి తీయకముందే
భుజం మీదుగా వంగి దగ్గుతుంది.
దాన్నెవరైనా కాఫీకి పంపండి."

ఐదో అధ్యాయం భోజనాల గది.
బల్ల, ఐదు కుర్చీలు, ఐదు కంచాలు.
రాత్రి భోజనానికి సర్దమన్నారు, అంతే.
సర్దాడు. తలుపు కదల్లేదు.
మార్చి సర్దాడు, కిటికీ వైపు, పొయ్యి వైపు, వయసు వరసన.
కదల్లేదు.

అక్కడే ఆగింది ఆట.
సోమవారం. మంగళవారం.
వియెనో ఫోను చేసింది:
"కష్టంగా ఉందా? సూచన చూడు."
"కష్టమేం కాదు. సోమవారమే తెలిసింది.
ఐదో కంచం బీరువాలో పెట్టేయాలి."
"మరి పెట్టు."
"పెడతాలే. తొందరేముంది?"

అవతల కాసేపు మాట లేదు.
ఆ గది కట్టింది ఆమే, ఆరు నెలలు.
ఎనభైమంది ఆడి చూశారు,
సగటున నాలుగు నిమిషాల్లో దాటారని
ఆమె దగ్గర పట్టిక ఉంది.
తెలిసీ చేయని నిమిషాలకు
ఆ పట్టికలో గడి లేదు.

గురువారం పెట్టాడు.
గంట మోగలేదు, శభాష్ అనలేదు.
నూనె వేసిన తలుపులా తలుపు తెరుచుకుంది.
పొడుపూ కథా అక్కడ ఒక్క మాటయ్యాయి.
విప్పడమంటే ఒప్పుకోవడమే అయింది.

చివర్లో మళ్లీ చెడింది.
దీపం దగ్గరికి ఎక్కాక ఎస్తేరి
పదకొండు నిమిషాలు మాట్లాడింది,
తమ్ముడు ఎందుకు పోయాడో,
అల దేనికి గుర్తో, కంచం దేనికి గుర్తో.
ఆపే మీట లేదు.
రశీదు మీద చోటు అయిపోతే
అంచున నిలువుగా రాశాడు:
"తాళం వేసితివి, గొళ్ళెం మరచితివి.
ఇన్ని గదులు నాచేత తెరిపించావు కదా,
ఈ ఒక్కటీ బార్లా తీసిపెట్టావేం?"

ఫిబ్రవరిలో ఆట బయటికొచ్చింది.
ఎస్తేరి ఇప్పుడు మూడుసార్లే చలి అంటుంది.
పదకొండు నిమిషాలు నాలుగయ్యాయి,
అంతకు తగ్గించడానికి వియెనో ఒప్పుకోలేదు.
పలకల గోడ అలాగే ఉంది,
అదంటే ఆమెకు ఇష్టం.

తైస్తో మళ్లీ మొదటినుంచి ఆడుతున్నాడు.
భోజనాల గది దాకా వస్తాడు.
ఐదు కంచాలూ సర్దుతాడు.
ఆటను అక్కడికి సేవ్ చేసి
ఒక జత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు.