దించేటప్పుడు

గ్రౌండ్ల తెగితే
ఓ కథన్న ఉండేది చెప్పుకోనీకి.
పెనాల్టీ ఆపనీకి ఎగిరి, చెయ్యి చాపి, కిందవడ్డననేటోన్ని.
తెగింది జిమ్ముల.
ఏసీ గదిల, అద్దం ముందట,
పక్కనోడు చెవుల పాట పెట్టుకొని ఊగుతుంటె.

తొంభై కిలోలు. ఏడోసారి.
మీదికి లేపుడు అయిపోయింది.
మెల్లగ ఎదమీదికి దించుతున్న,
తడిబట్ట చింపినట్టు ఓ చప్పుడు.
నాది అనుకోలే.
ఎవరిదో చొక్కా చినిగిందనుకున్న.

మూడో దినానికి
సంకకెళ్ళి మోచేతి దాక చెయ్యి
వంకాయ రంగు తిరిగింది.
సంక ముందట పట్టుకుంటె దొరికే మందపాటి అంచు
ఇప్పుడు లేదు.
దీపం పెట్టే గూడు లెక్క ఓ గుంట.

స్కానింగ్ తీసిన డాక్టరు
తెరమీద పెన్నుతోటి చూపెట్టిండు:
ఇది కండ, ఇది ఎముక,
ఇది, నడుమ ఉండాల్సింది.
ఉండాల్సిన కాడ తెల్లగ నీళ్ళు నిలవడ్డయి.
దానికో పొడుగు పేరుంది.
క్లబ్బోళ్ళు ఆ పేరు కాయితం మీద రాసుకొని
ఆర్నెల్లన్నరు.
కాంట్రాక్టు అయిదు నెలలే మిగిలిందని
నేను అనలే, వాళ్ళూ అనలే.

మిర్యాలగూడల బస్సు దిగిన
కుట్లతోటి, మెడకు కట్టిన చేతితోటి.
ఎన్‌ఎస్‌పీ క్యాంపు గ్రౌండ్ల పోరగాళ్ళు చుట్టుకున్నరు:
అన్నా, ఏ మ్యాచ్‌ల?
కేరళోళ్ళ మీద అని ఒకనికి,
గోవోళ్ళ మీద అని ఇంకొకనికి.
గోల్‌కీపరే అబద్ధమాడితె
దాన్ని ఆపేటోడెవడు?

నాయిన అప్పుడే మిల్లుకెళ్ళి వచ్చిండు.
కనురెప్పల మీద తౌడు.
బస్తాల లెక్క రాసిన చీటి మొలల దోపుకొని
నా పట్టీ దిక్కు చూసిండు.
ఎట్లయింది?
ఆయనకు అబద్ధం చెప్పలే.
లేపేటప్పుడా, దించేటప్పుడా?
డాక్టరు అడగని మాట అది.
దించేటప్పుడే.
గంతే మరి, అన్నడు,
నాకు గాదు, నీళ్ళ బకీటుకు చెప్పినట్టు.
లేపేటప్పుడు మనిషికి సోయుంటది బిడ్డా.
దించేటప్పుడు, అయిపోయిందిలే అనుకుంటడు.

అని బనీను ఇప్పిండు, తానానికి.

ఇరవై ఏడేండ్లు ఈ వాకిట్ల
ఆ ఒంటి మీద నీళ్ళు వారుతుంటె చూసిన.
చూడలే.
కుడిదిక్కు, సంక ముందట,
అదే గుంట.
పాతది. తోలు దానికి అలవాటయింది.
లోపట తౌడు సన్నగ గీతలెక్క నిలిచింది.

నువ్వు పుట్టిన ఏడే, అన్నడు.
అప్పుడు బస్తా నూరు కిలోలుండె.
లారీకెళ్ళి దించుతుంటె టప్పుమన్నది.
సైదులు మామ పసుపూ సున్నం పట్టిచ్చిండు.
నాలుగొద్దులు పన్న.
అయిదో దినం ఎడమ బుజానికి మార్చుకున్న.
దవాఖాన?
గింతదానికా?
చెంబెడు నీళ్ళు నెత్తిన గుమ్మరిచ్చుకున్నడు.
గూట్లకెళ్ళి తౌడు గీత
కరిగి కిందికి వారింది.

నా ఫిల్ము బీరువ మీదుంది, పెద్ద కవర్ల.
నా కుట్లకు ఇన్సూరెన్సు కట్టింది.
నా గుంటకు పేరుంది.
ఆ పేరు ఆయనకు చెబుదామనుకుంట
రోజూ మరిచిపోయినట్టు చేస్తున్న.

ఫిజియో మలయాళీ.
పొద్దుగాల వీడియో కాల్‌ల నేర్పుతడు:
గోడమీద వేళ్ళతోటి పాకాలె,
సాలీడు లెక్క, ఆగిన కాడ గీత పెట్టాలె.
వంటింటి గోడమీద బొగ్గుతోటి పెడుతున్న.
మొదటి వారం నడుము కాడ.
నిన్న గదవకు రెండేళ్ళు కింద.

ఇయ్యాల నేను లేచేసరికి
నాయిన మిల్లుకు వోయిండు.
నా గీతల పక్కన
ఇంకోటుంది, నాకంటె జానెడు కిందికి,
వంకరగ, గట్టిగ నొక్కి గీసింది.
దాని మీద నాలుగు వేళ్ళ గుర్తులు,
తౌడువి.