చుక్కల లెక్క

కుటాయిసీలో ఆ చలికాలం
కరెంటు అప్పున్నవాడిలా వచ్చేది:
అర్ధరాత్రి దాటాక, పావుగంట సేపు, మొహం చాటేస్తూ.
ఆసుపత్రి ల్యాబులో జర్మనీ యంత్రం మీద
ఎవరో తడి కోటు ఆరేసుకున్నారు.
నాజీబ్రోలా గాజుగొట్టం ఎత్తి పట్టుకుని
చుక్కలు లెక్కపెడుతోంది.
నాకు పంతొమ్మిదేళ్ళు. అంకెలు ఆమె నోట్లో,
పెన్సిలు నా చేతిలో.

"ముందు చలెంతో రాయి."
నాలుగు డిగ్రీలు.
"డెబ్బై రెండన్నది పొయ్యి వెలిగినవాళ్ళ లెక్క.
చలికి నీళ్ళు ఇంకాస్త బిగుస్తాయి.
మనకి డెబ్బై అయిదు."

గొట్టం చివర చుక్క వెంటనే పడదు.
బరువెక్కుతుంది. మెడ సాగుతుంది.
సన్నబడి, ఇంకా సన్నబడి,
ఇక నా వల్ల కాదన్నట్టు తెగుతుంది.
పుస్తకంలో తలతన్యత అని చదివాను, మార్కులొచ్చాయి.
ఆమె వేలు పెట్టి చూపించిందాకా
అది ఒక పట్టు అని తెలీదు;
ఎంత పట్టో తెలియాలంటే
వదిలేదాకా చూడాలని కూడా.

అదే గొట్టం, అదే గీత నుంచి గీతకి
నీళ్ళు ముప్ఫై ఒక్క చుక్కలు.
సబ్బునీళ్ళు ఎనభై.
"పట్టు తప్పితే ఇన్ని ముక్కలు," అని
వేళ్ళకి ఊపిరి ఊదుకుంది.

తెల్లవారుజామున రొట్టె క్యూలో నాకు మిగతాది అర్థమైంది.
మధ్యలో ఉన్నవాళ్ళకి నాలుగువైపులా మనుషులు.
అంచున నిలబడ్డవాళ్ళకి
ఒక పక్కంతా రియోనీ మీంచొచ్చే గాలి.
అందుకే వాళ్ళు పక్కవాళ్ళ చేతులు
అంత గట్టిగా పట్టుకున్నారు.

ఆ రోజు ట్రేలో ఎనిమిది గాజుకప్పులు తెచ్చాడు ఎల్గుజా.
పేర్లు లేవు, అంకెలే.
నేను చిటికెడు చిటికెడు గంధకప్పొడి చల్లాను.
ఏడింటి మీద పుప్పొడిలా తేలింది.
నూటపద్ధెనిమిదిలో
ఒక్క క్షణం ఆలోచించి, మునిగింది.

మూత్రంలో పైత్యం కలిస్తే
దాని పైపొర గంధకాన్ని మోయలేదు.
"మళ్ళీ చెయ్యి. కప్పు మూడుసార్లు కడిగి చెయ్యి.
సబ్బు మిగిలితే గాజు అబద్ధమాడుతుంది."
ఇంట్లోంచి పోయించి తెచ్చినట్టు
ఆమే ఇంకో సీసా ఇచ్చింది.
మళ్ళీ మునిగింది.

అప్పుడు చూశాను, చీటీ మీద ఎనిమిదికి
నడుము దగ్గర ఆ చిన్న ముడి.
రిజిస్టరు నిండా అలాంటి ఎనిమిదులే.
ఎన్నాళ్ళుగా ఆమె ఎదురుగా కూర్చుంటున్నాను!
కానీ కిరసనాయిలు దీపం కింద
లోకమంతా పచ్చగా ఉన్నప్పుడు
కామెర్ల కళ్ళనెలా పోల్చుకోవడం?

ఏమీ అనలేదు. ఒక డబ్బా తీసింది.
లోపల బజారులో చెల్లని పాత కోపెక్కులు.
గ్లాసు అంచుదాకా నింపి
ఒక్కొక్కటీ నిలువుగా జారవిడిచింది.
నిండుకుండ తొణకదంటారు గానీ
నిండాక కూడా ఇంత ఓర్పా!
నీళ్ళు అంచు దాటి పైకి ఉబ్బాయి,
బోసి నవ్వులా వణుకుతూ.
ఇరవై. ముప్ఫై ఆరు. నలభై మూడు.
నలభై నాలుగోది నా చేతిలో పెట్టి
"రేపు," అంది.

పొద్దున గ్లాసు అడుగున నాణేలు మాత్రమే ఉన్నాయి.
దాహమేసిందట ఎల్గుజాకి.
ఎత్తితే ఒలికిపోతుందని, వంగి,
మూతి ఆనించి, గుర్రంలా తాగాడట.
ఒక్క చుక్క నేలపాలు కాలేదని ఒట్టేశాడు.
నాజీబ్రోలా బల్ల పట్టుకుని నవ్వింది,
దగ్గొచ్చేదాకా.

ఫిబ్రవరిలో తిబిలిసీ బస్సెక్కింది.
రిజిస్టరులో ఆ తర్వాతి పేజీలన్నీ నా దస్తూరే.

ఇప్పుడు వేలాడే చుక్కని కెమెరా చూస్తుంది.
దాని వంపు చదివి, రెప్పపాటులో
రెండు దశాంశాల దాకా చెబుతుంది.
పిల్లలు ఆ అంకె రాసుకుని వెళ్ళిపోతుంటారు.
ఆగండి, అంటాను.
ముందు చలెంతో రాయండి.